ఎకో పరీక్షకు పస్తు

మా ఆయనది బొగ్గుబాయిలో పైకప్పు చూసే పని. బండను కర్రతో తట్టి, మోతను బట్టి గట్టిదో గుల్లదో చెబుతాడు. ఆయన సరే అన్నాకే మిగతావాళ్ళు దాని కిందికి వెళతారు. ఇంట్లోనూ అంతే. కుండయినా పుచ్చకాయయినా తట్టనిదే నమ్మడు.

ఒక వానకాలం ఆయనకు వైరల్ జ్వరం వచ్చింది. జ్వరమైతే తగ్గింది గాని, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, కూర్చున్నచోటే గుండెదడ. ఇలాంటి జ్వరాలు ఒక్కోసారి గుండెను కూడా పట్టుకుంటాయనీ, కరీంనగర్‌లో గుండెకు ఎకో స్కానింగ్ తీయించుకొస్తే గాని బాయిలోకి దిగడానికి ఫిట్ కాగితం ఇవ్వననీ నస్పూర్ డాక్టరు చెప్పాడు.

మా ఆయన రెండు వేళ్ళతో ఛాతీ తట్టుకున్నాడు. "మోత మంచిగనే ఉన్నది. గీదానికి కరీంనగర్ దాకా ఎందుకే?"

"అది గుండె, నీ బాయిల బండ గాదు. నడువు."

నేను బడికి పోలేదు. మా బాపు ఇంటిగోడ మీద బొగ్గుతో అక్షరాలు నేర్పాడు. ఆ చదువుతోనే నస్పూర్ ఆసుపత్రిలో రక్తపరీక్ష గది బయట 'పరిగడుపున రావలెను' అన్న బోర్డు చదివాను. రక్తానికే అంత నిష్ఠ ఉంటే గుండెకెంత ఉండాలి? ఆయనకు పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టలేదు. నాకెలాగూ ఆరోజు ఉపవాస ప్రార్థన. ముప్పై ఏళ్ళుగా నేను పస్తున్న ప్రతి శుక్రవారం నా ముందే బోటికూర వడ్డించుకుని, "నీ ప్రార్థనల నా పేరు గూడ జెప్పు" అనే మనిషి ఆయన.

బస్సు గోదావరి బ్రిడ్జి దాటకముందే మొదలుపెట్టాడు. "ఒక్క మిర్చిబజ్జి తింటె గుండె యాడికన్న ఉరుకుతదా?"

కరీంనగర్‌లో ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఆయన్ను ఎడమవైపు తిప్పి పడుకోబెట్టి, చల్లటి జెల్లీ రాసింది. "ఊపిరి బిగబట్టు కాకా" అంది. ఊపిరి ఆగింది. కడుపు మాత్రం గదంతా వినబడేలా అరిచింది.

"ఏం తినలేదా కాకా?"

"పరిగడుపున రమ్మన్నరంట గదా మేడం."

"ఎవరన్నరు? గీ ఎకోకు తినే రావచ్చు."

ఆయన మెడ తిప్పి నన్ను చూశాడు. బాయిలోంచి పైకొచ్చినప్పుడు కూడా ఆ ముఖం అంత నల్లగా ఉండదు.

నా అదృష్టం, అప్పుడే తెర మీద గుండె కదిలింది. "తట్టకుండనే లోపల కనబడ్తదా?" అన్నాడు.

"గిది కూడ మోతే కాకా. మన చెవులకు వినబడది. లోపలికి పోయి, తాకి వాపసొస్తది. దాంతోనే బొమ్మ."

"అయితె మీరు గూడ తట్టి చూసెటోళ్ళే!" అన్నాడు. అప్పటినుంచీ ఆమె మాటకు ఎదురు లేదు.

గుండె చుట్టూ కొంచెం నీరు చేరిందట. కండరం కూడా కొంత అలసిందట. నెలన్నర మందులు వాడాలి, బరువులెత్తొద్దు, బాయిలోకి దిగొద్దు. గొడవపడతాడని నేను పైటకొంగు బిగించాను.

"నీళ్ళూరిన దిక్కు మనుషులను పంపం మేడం. ఎండినంకనే" అన్నాడు తలూపుతూ. ఆయన భాషలోనే ఆయనకు జబ్బు అర్థమయ్యేలా చేసిన పరలోక తండ్రికి అక్కడే నిలబడి స్తోత్రం చెప్పుకున్నాను.

ఆ నెలన్నరలో ఇంట్లో ఆయన తట్టని వస్తువు లేదు.

రెండోసారి వెళ్ళేటప్పుడు తప్పు దిద్దుకుందామని డబ్బా నిండా సర్వపిండి కట్టాను. ఆయన ముట్టలేదు.

"తిను. తినొచ్చని ఆమెనే చెప్పింది గదా."

"ఎరుకే."

"మరి?"

బస్సు కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నాడు. "పోయినసారి పస్తుండి పోతె లోపలున్నదంత మంచిగనే చూపెట్టిండు గదా దేవుడు. జర ఊకో."

నేను నవ్వు కనబడకుండా డబ్బా మూత మళ్ళీ బిగించాను.

"నీళ్ళు లేవు కాకా. కండరం గూడ మంచిగైంది" అంది డాక్టరమ్మ. "గీ రిపోర్టు మీ డాక్టరుకు చూపెట్టు. దిగొచ్చు."

ఆయన బల్లను రెండుసార్లు తట్టి, "గట్టిదే" అన్నాడు.

ఆసుపత్రి మెట్ల మీదే డబ్బా తెరిచాడు. నాకొక్క ముక్క మిగిలింది. దానికీ కృతజ్ఞతే.

"వచ్చే శుక్రవారం నాతోని పస్తుంటవా?" అడిగాను.

"మల్ల నీళ్ళూరితె చూస్తం" అన్నాడు, నోటినిండా సర్వపిండితో.