ఎరుపంటే కోతకొచ్చిందని

మా వీధి చివర ఉండే మేస్త్రమ్మ పోయారు. ఆదివారం చర్చి వదిలే వేళకి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "మేడమ్, అమ్మ లేదండి. పొద్దున నిద్దట్లోనే పోయింది."

ముప్పై మంది ఆడవాళ్ళని మిరప కోతకి తీసుకెళ్ళే మేస్త్రి ఆవిడ. నేనేమో గుంటూరులో కాలేజీ పిల్లలకి కంప్యూటర్లు చెబుతాను. మీకూ మీకూ ఏం స్నేహమని అందరూ అడిగేవారు.

మేం కొందరం జీతం భత్యం లేకుండా రైతుల కోసం ఒక యాప్ రాస్తున్నాం. ఓపెన్ సోర్స్ అన్నమాట. ఎవరైనా వాడుకోవచ్చు, కోడ్ విప్పి చూడొచ్చు, మార్చొచ్చు. రైతు పురుగుమందు కొట్టగానే ఫోన్‌లో గుర్తు పెడతాడు. మ్యాప్‌లో ఆ చేను ఎర్రగా మారుతుంది, ఇప్పుడే దిగొద్దని. అందులో తెలుగంతా నాదే. అది చాలనుకున్నాను.

విడుదలకి ముందు ఫోన్ మేస్త్రమ్మ చేతికిచ్చి, "రేపు ఏ చేలో దిగుతారక్కా?" అన్నాను. ఆవిడ వేలి కణుపుతో నొక్కేవారు, వేళ్ళ కొసల నిండా కారం కదా! మా బటన్లు ఆ కణుపుకి సగం కూడా లేవు. అది రాసుకుంటూ ఉండగానే, ఎర్రటి చేను మీద కణుపు ఆనించి నవ్వారు.

"ఇదుగో, ఇదే. పండింది."

"అక్కా, కింద 'దిగవద్దు' అని రాశాం కదా!"

"అద్దాలు ఇంట్లో ఉన్నాయి. పచ్చగా ఉంటే ఆగుతాం, ఎర్రబడితే కోస్తాం. పుట్టిన కాడ్నించీ అంతేగా!"

భయమూ, ఉత్సాహమూ ఒకేసారి కలిగాయి. ఇంత చిన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు! వెంటనే యాప్ రాసే మావాళ్ళకి చెప్పాను. "ఎరుపంటే ప్రమాదమని లోకమంతా ఎరుగును. వాడేవాళ్ళకి నేర్పించండి" అని జవాబు. నాకు నా మీద నమ్మకం తక్కువ, వెంటనే అనుమానం మొదలు. ఒక్క మనిషిని చూసి అంతా మార్చమంటున్నానా?

ఆవిడకి చెబితే కస్సుమన్నారు. "నాకు నేర్పుతారంటనా? వాళ్ళనే ఒక పూట కోతకి రమ్మను!" మళ్ళీ తనే అన్నారు: "పోనీ, నా మాటొద్దు. మావాళ్ళనడుగు. నువ్వు మాత్రం పక్కన నోరు మూసుకు కూర్చో అమ్మాయ్."

కూర్చున్నాను. నా పెద్ద చదువులో ఎవరూ చెప్పని పాఠం అది. ఇప్పుడు మా పిల్లలకి మొదట అదే చెబుతున్నాను. గట్టు మీద ఆ కోత ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు ఎరుపే నొక్కారు. ఒకామె నా ముఖం చూసి బెదిరి, "తప్పా?" అంది. "తప్పు నీది కాదే, బొమ్మది" అన్నారు మేస్త్రమ్మ.

"మరి ఏ బొమ్మ పెట్టమంటారు?"

"మందు కొట్టిన చేనికి దోవలో ఏమేస్తాం? ముళ్ళకంప."

వాళ్ళు నొక్కుతుండగా చేతుల్ని తీసిన వీడియోలు మావాళ్ళకి పంపాక ఎవరూ వాదించలేదు. ఎరుపు పోయింది, కంప వచ్చింది, బటన్లు పెద్దవయ్యాయి.

కొత్తది వచ్చిన వారమే వాళ్ళ ఆటోలో నేనూ వెళ్ళాను. చేను నిండా పండుకాయ. దోవలో కంప లేదు, మందు వాసనా లేదు. ముందు దిగబోయినామెని మేస్త్రమ్మ కొంగు పట్టి లాగారు.

"ఆగండే! ఫోన్‌లో ముళ్ళకంప ఉంది."

అంతలో రైతు అరుచుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. "నిన్న సాయంత్రమే కొట్టానమ్మా! ఫోన్‌లో పెట్టా గానీ కంప వెయ్యడం మర్చిపోయా!"

నాకు కేక పెట్టాలనిపించింది. పెట్టాను కూడా.

ఆవిడ అప్పటికే వెనక్కి తిరిగారు. ఎండకి తెర కనపడక ఫోన్ మీద కొంగు కప్పి, అందులోకి తల దూర్చి, ఇంకో చేను వెతుక్కుంటూ గట్టు వెంబడి నడుస్తున్నారు. వెనకే, వరసగా, ముప్పై మంది.