నకలు తీస్తే నడవాలి

ముందే ఒప్పుకుంటున్నాను, నాకు పెంచి చెప్పే జబ్బుంది. నేను దోమ గురించి చెబితే విన్నవాళ్ళు గేదెను కట్టేయడానికి తాడు వెతుకుతారు. కాబట్టి ఇందులో కొంత తీసేసి చదవండి. ఈ ఉదయం ప్రింటరు నుంచి వచ్చిన కాగితం అరచేతికి వెచ్చగా తగలగానే గంగాధర్ సార్ గుర్తొచ్చారు. చదవడానికి ముందు ఆయన ప్రతి పేజీనీ ఇలాగే కాసేపు చేతిలో పట్టుకునేవారు. ఆయన బతుకులో చేతికి వెచ్చగా తగిలేది ఇంకేదీ లేదేమో అనిపించేది.

రెండువేల మూడు, నాలుగు ప్రాంతం. మహారాష్ట్రలోని నాందేడ్ స్టేషన్ దగ్గర నాది డీటీపీ దుకాణం, పుస్తకాలకు కంప్యూటర్‌లో పేజీలు కట్టే పని. సార్ కూడా నాలాగే తెలుగువారు, అక్కడి పాలిటెక్నిక్‌లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భార్య పోయింది, పిల్లలు లేరు. కంప్యూటర్ ప్రోగ్రాములు నేర్పే పాఠాలను మరాఠీలో రాసి తెచ్చేవారు. నేను పేజీలు కట్టి సీడీలో పెడితే, అదే జిల్లాలోని బిలోలి వైపు పిల్లలకు ఊరికే పంచేవారు. వాళ్ళు నెట్ సెంటర్‌లో గంటసేపు కూర్చుని, పేజీలోంచి ప్రోగ్రాం కాపీ చేసి నడిపించుకోవాలి.

పేజీ మీద ప్రోగ్రాం పెళ్ళికూతురిలా ఉండేది. కాపీ చేస్తే మాత్రం నడిచేది కాదు. మా సాఫ్ట్‌వేర్ నిటారు కోట్ గుర్తులను అందం కోసం వంకర తిప్పేది. నేను పక్కన వేసిన లైను నంబర్లు కూడా ప్రోగ్రాంలోకి చొరబడేవి. ఎర్రర్ల పట్టీ మంజీరా దాటి నిజామాబాద్ దాకా పోయేది.

దాంతో పిల్లలు ఆదివారం బస్సెక్కి సార్ ఇంటికి వచ్చేవారు. ఆయన తప్పులు దిద్ది, స్టవ్ మీద చాయ్ పెట్టేవారు. గుమ్మం ముందు మూడువందల జతల చెప్పులు. ఆ ఒక్క రోజే ఆయన గొంతు వీధిలోకి వినిపించేది. మిగతా ఆరు రోజులూ ఆయన మాట్లాడేది పాలవాడితోనూ నాతోనూ.

ఒకనాడు బిలోలి నుంచి ఒక అమ్మాయి రాసిన కార్డు పట్టుకుని వచ్చారు. ప్రోగ్రాం నడవలేదట, నాందేడ్‌కు ఇంట్లో పంపరట, ఇక నేర్చుకోవడం మానేస్తుందట. పేజీలన్నీ సరిచెయ్యమన్నారు. నా నోరు ఊరుకోలేదు.

“ఇవి సరైతే ఆదివారం మీ ఇంటికి ఎవరొస్తరు సార్?”

ఆయన కార్డు మడిచి జేబులో పెట్టుకున్నారు.

“ఎవ్వరు రాకుంటెనే నా పాఠం కుదిరినట్టు, రాజేశం. వచ్చేటోళ్ళ సంగతి సరే. రానీకి లేనోళ్ళు ఏం జెయ్యాలె?”

కోట్ గుర్తులు వంకర పోకుండా ఆపాను. నంబర్లు తీసేస్తానంటే ఒప్పుకోలేదు. పాఠం నిండా ‘ఏడో లైను చూడు’ అని ఉంటుంది కదా. ప్రోగ్రాంను చదివి నడిపించే కంపైలర్ పట్టించుకోకుండా దాటేసే గుర్తులు ఉంటాయి, వాటి మధ్య నంబర్లు పెట్టమన్నారు.

“నంబర్లు రానియ్యి, వచ్చి ఊకె కూసుంటయ్.”

తయారైన పేజీలోంచే కాపీ చేసి, నడిపి చూసి, నడిచాకే తర్వాతి పేజీ. పాండవుల వనవాసం నయం.

కొత్త సీడీ వెళ్ళాక మొదటి ఆదివారం ఇద్దరొచ్చారు. తర్వాతి వారం ఒక్కడు. ఆ పైన ఎవరూ రాలేదు. ఆ అమ్మాయి మాత్రం ఇంకో కార్డు రాసింది, నడుస్తోందని. అప్పటినుంచి ఆదివారాలు నేనే వెళ్ళి ఆయన ఎదురుగా కూర్చునేవాణ్ణి. మరుసటి వానాకాలం నాటికి ఆయన పోయారు.

ఇప్పటికీ ఏ పుస్తకంలో ప్రోగ్రాం వచ్చినా, తయారైన పేజీలోంచే కాపీ చేసి నడిపి చూడందే పంపను. పంపాక ఎవరూ ఫోన్ చెయ్యరు. కుదిరిందనుకుని, ఒక్కణ్ణే కూర్చుంటాను.

చెప్పులు ఏడెనిమిది జతలే. అది మీరు ఎప్పుడో తగ్గించుకునే ఉంటారు. ఆదివారాలు వెళ్ళి కూర్చున్నానన్నది మాత్రం పూర్తిగా కల్పించాను. ఒకే ఒక్కసారి వెళ్ళాను, సీడీ ఇవ్వడానికి. “కూసో, చాయ్ పెడ్త” అన్నారు. దుకాణం తెరిచిపెట్టి వచ్చానని చెప్పి, గుమ్మంలోంచే తిరిగొచ్చేశాను.