పందికొక్కు అన్నందుకు

అలిపిరి దగ్గర తోపుడుబండి మీద ఉప్పేసి ఉడికించిన పచ్చి శెనక్కాయల వాసన తగిలితే చాలు, నేను పలమనేరు పక్కన మా చేలోకి వెళ్ళిపోతాను. కాయలు పీకే రోజుల్లో ఊరంతా తడిమట్టి వాసన, గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను, బెల్లంముక్క కొరుక్కుంటూ నమిలే పచ్చిపప్పుల పాలరుచి, నాయన పారతో పందికొక్కు బొక్క తవ్వుతుంటే చుట్టూ చేరి కేకలు పెట్టే పిల్లలం. అది దాచుకున్న కాయల్ని గంపకెత్తేది మా సుజాతక్క. నాకన్నా రెండేళ్ళు పెద్దది. ఏమడిగినా అందరికన్నా ముందు చెయ్యెత్తేది.

ఒక ఏడు నాయన మమ్మల్ని టౌన్లో ఇంగ్లీషు బడిలో చేర్చాడు. ఇంగ్లీషు రాదని ఇద్దరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. ఒకరోజు సారు పుస్తకంలో బొమ్మ చూపించి ఇదేమిటని అడిగాడు. అక్క ఎగిరి లేచింది.

"పందికొక్కు సార్! మా చేలో ఉండాది!"

తరగతిలో తెలుగు మాట్లాడినందుకు సారు అక్క చేతులు వాచేదాకా బెత్తంతో కొట్టాడు. "బండికూట్, బండికూట్" అని అరిపిస్తూ వరండా పొడవునా మోకాళ్ళ మీద నడిపించాడు. సాయంత్రానికి పిల్లలంతా అక్కను ఆ పేరుతోనే పిలిచారు.

మర్నాడు నాయన వచ్చాడు. "పందికొక్కును పందికొక్కనక ఇంకేమంటారు సామీ? బిడ్డ చేతులు సూడండి" అన్నాడు. సారు ఇంగ్లీషులోనే ఏదో కసిరి, గేటు చూపించాడు. నాయన తలవంచుకుని అక్కను వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. నేను కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. అక్క మళ్ళీ చెయ్యెత్తలేదు. ఏడాది తిరక్కుండానే బడి మానేసింది.

మొన్న మా అమ్మాయి పాఠం కోసం డిక్షనరీ తెరిచాను. బండికూట్ ఇంగ్లీషులో పుట్టిన మాటే కాదు. తెలుగు పందికీ కొక్కుకీ పుట్టిన బిడ్డ. తెల్లదొరలు మన నోట విని, పలకడం చేతగాక వంకర తిప్పుకున్నారు. నోరు తిరగనివాళ్ళ మాట చదువైంది, సరిగ్గా పలికిన మా అక్కకు వాతలు మిగిలాయి! ఆ బెత్తం పట్టినవాడు ఒక్కసారైనా ఈ పేజీ తిప్పి ఉండడు. ఒళ్ళు మండిపోయింది, ఇంకా మండుతూనే ఉంది.

ఇప్పుడు మా చేను ప్లాట్లయిపోయింది. కాయలు పీకే ఆడవాళ్ళ పాటలు లేవు, తవ్వడానికి బొక్కలు లేవు, మా అమ్మాయికి పందికొక్కంటే ఏమిటో తెలీదు. పలమనేరులో ఆవుల్ని చూసుకుంటున్న అక్కకు ఫోన్ చేసి, "అది మన మాటేనంట అక్కా!" అని దాదాపు అరిచాను.



"నాయన ఉన్నప్పుడు తెలిసుంటే బాగుండు" అంది అక్క. "ఆపొద్దు గేటు దాటినాక దావంతా నా చెయ్యి వదల్లేదు. 'నేనేమన్నా తప్పు మాట్లాడినానా పాపా?' అని నన్నే అడగతా వచ్చినాడు."