నందిగామలో కారు ఆపించింది నేనే

నిన్న పొద్దున బ్రష్ చేసుకుంటుంటే మా పిన్ని కొడుకు శీను ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, అమ్మ వెళ్లిపోయింది" అన్నాడు.

ఫోన్ పెట్టేసి మొహం కడుక్కుని బయల్దేరాను.

సరస్వతి పిన్ని. మా అమ్మకి చెల్లెలు. జగ్గయ్యపేటలో కారం మర పిన్ని అంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

విజయవాడలో ఐసీయూలో ఉంది కదా, మెల్లగా లేస్తుందిలే అనుకున్నాం. కనీసం నేను అనుకున్నాను. అలా అనుకోకపోతే నాకు నిద్ర పట్టేది కాదు.

చాలామంది ఫోన్ చేసి "అసలేం జరిగింది" అని అడుగుతున్నారు. అందరికీ "స్ట్రోక్" అని చెప్పి ఊరుకుంటున్నాను. అది సగం నిజమే.

పోయిన వారం మర దగ్గర పిన్ని చేతిలో డబ్బా జారిపోయింది. వంగి తీసుకోబోతే చెయ్యి లేవలేదు. మూతి ఒక పక్కకి లాగేసింది, మాట ముద్దగా వచ్చింది. బాబాయి, శీను వెంటనే వీధి చివర డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లారు.

ఆయన చూడగానే చెప్పారట. "ఇది స్ట్రోక్ అండి. టైమ్ వేస్ట్ చెయ్యకండి." విజయవాడలో ఏ హాస్పిటల్‌కి వెళ్లాలో పేరు కూడా చెప్పి, మధ్యలో ఎక్కడా ఆగొద్దన్నారట.

కారెక్కి శీను నాకు ఫోన్ చేశాడు. మా ఇళ్లలో జలుబు చేసినా ఫోన్ నాకే. మెడికల్ రెప్‌ని కదా. ఈ రూట్లో నాకు తెలియని డాక్టరు లేడని మావాళ్లకి గొప్ప. నాకు అంతకంటే గొప్ప.

"నందిగామలో ఆపండ్రా. మనకి బాగా తెలిసిన డాక్టరుగారున్నారు. ఒకసారి చూపించి వెళ్దాం, నేనక్కడే ఉంటా" అన్నాను.

మనకి తెలిసిన.

ఈ మాట మీదే బతికేస్తాం మనం. రైలు టికెట్‌కైనా, కాలేజీ సీటుకైనా, గ్యాస్ సిలిండర్‌కైనా ముందు అడిగేది అదే. "తెలిసినవాళ్లెవరైనా ఉన్నారా?"

హైవే మీద నేరుగా పోవాల్సిన కారు నా మాట మీద ఊళ్లోకి తిరిగింది.

డాక్టరుగారు ఆపరేషన్‌లో ఉన్నారు. బెంచీ మీద పిన్నిని నా భుజానికి ఆనించుకుని కూర్చున్నాను. అప్పటికింకా మాట అర్థమవుతోంది.

"ఇంకెంతసేపురా?" అంది.

"వచ్చేస్తారు పిన్నీ. మనకి బాగా కావాల్సినాయన" అన్నాను.

తలూపింది. నమ్మింది.

ఆయన బయటికొచ్చి చూసి నా మీద కేకలేశారు. "ఇక్కడెందుకు ఆపావయ్యా? నా దగ్గర స్కాన్ ఎక్కడుంది? ముందు తీసుకెళ్లు!"

అప్పుడైనా బుద్ధి రావాలి కదా. రాలేదు. నేనూ కారెక్కాను. పరిటాల దాటాక పిన్నికి మాట పూర్తిగా పడిపోయింది. నాకు కంగారు ఎక్కువైంది. కంగారులో నాకు తెలిసిన దారి ఒక్కటే. విజయవాడలో నేను రోజూ వెళ్లే హాస్పిటల్‌కి ఫోన్ కొట్టాను. గేటు దగ్గరే స్ట్రెచర్ రెడీగా పెట్టారు, మర్యాదగా చూశారు, స్కాన్ తీశారు. న్యూరాలజిస్ట్ మాత్రం ఊళ్లో లేరు.

చివరికి జగ్గయ్యపేట డాక్టరుగారు మొదట చెప్పిన చోటికే వెళ్లాం.

అక్కడి డాక్టరు ఫిల్మ్ చూపించి వివరంగా చెప్పారు. మెదడుకి రక్తం వెళ్లే పెద్ద నాళంలో గడ్డ అడ్డుపడింది. త్వరగా వస్తే తొడ దగ్గర నుంచి సన్నటి తీగలాంటి గొట్టం పంపి ఆ గడ్డని లాగెయ్యడానికి ట్రై చేస్తారట. "మేం ఈమధ్యే మొదలుపెట్టాం. కానీ ఇప్పుడు లాగినా లాభం లేదు, ఆ భాగం దెబ్బతినేసింది" అన్నారు.

తర్వాత అడిగారు. "జగ్గయ్యపేట నుంచి రావడానికి ఇంతసేపా?"

బాబాయి చెప్పాడు.

"మావాడికి అందరూ తెలిసినోళ్లేనండి. దారి పొడుగునా బాగా చూపించాడండి."

తిట్టినా బాగుండేది బాబాయ్.

పిన్ని దగ్గర ఈ తెలిసినవాళ్ల గోల ఎప్పుడూ సాగలేదు. నేను డిగ్రీ చదివే రోజుల్లో, కారం సీజన్‌లో, మా లెక్చరరుగారి మిరపకాయల డబ్బా తెచ్చి అందరికంటే ముందు పెట్టబోయాను. పెనుగంచిప్రోలు నుంచి ఆటోల్లో వచ్చిన ఆడవాళ్లు పొద్దుటి నుంచి కూర్చుని ఉన్నారు.

"మనకి తెలిసినాయన పిన్నీ" అన్నాను.

"తెలిసినాయనైతే కూర్చోమను, టీ పెట్టిస్తా. డబ్బా మాత్రం వరుసలోనే" అంది.

నాకు తలకొట్టేసినట్టయింది. ఘాటుకి ఒకటే తుమ్ములు. పిన్ని పడీ పడీ నవ్వింది. ఉద్యోగం వచ్చాక కూడా ఆ తుమ్ములు గుర్తు చేసేది. "ఊరందరికీ మందులు అంటగడతావు, నీ ముక్కుకి మాత్రం మందు లేదేంట్రా" అనేది.

నిన్న సాయంత్రం దహనం దగ్గర బంధువులందరూ నా భుజం తట్టారు. "నువ్వున్నావు కాబట్టి ఆ మాత్రమైనా జరిగింది" అన్నారు. కాదని చెప్పలేకపోయాను.

ఇది చదువుతున్నవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట ముద్దగా వచ్చినా తెలిసిన డాక్టరు ఎవరున్నారని వెతక్కండి. స్కానూ బ్రెయిన్ డాక్టరూ ఎక్కడున్నారో కనుక్కుని నేరుగా అక్కడికే వెళ్లండి. నాలాంటివాడికి ఫోన్ చెయ్యకండి.

శీనూ, నీ కంప్యూటర్ మీదే టైప్ చేస్తున్నాను. నువ్వు చదివేలోపే, ఆలస్యం నా వల్లే అయిందని బాబాయికి చెప్పేస్తాను. అరుగు మీద ఒక్కడే కూర్చున్నాడు. ఇందాక నన్ను చూసి "నువ్వు అన్నం తిన్నావా" అని అడిగాడు.

వెళ్తున్నాను.

పిన్నీ, నువ్వు ప్రశాంతంగా ఉండు. నాకు మాత్రం ఆ ప్రశాంతత అప్పుడే వద్దు.