ఫుజైరాలో కెప్టెన్ వెనక్కి అడిగిన మాటలు

షార్జా జుబైల్ బస్ స్టేషన్‌లో ఉదయం ఏడున్నరకు ఫుజైరా బస్సు ఎక్కాను. శుక్రవారం మా స్కూలుకు సెలవు. ఆడవాళ్లకు వదిలే ముందు సీట్లలో కిటికీ పక్క చోటు దొరికింది. ప్రయాణం రెండు గంటల పైమాటే. ఏసీ చలికి ఒక శాలువా ఉంటే మంచిది.

మాది నెల్లూరు. ఇక్కడ పిల్లలకు సాంఘికశాస్త్రం చెప్తాను. బీసీ-ఈ కోటాలో నాకు పీజీ సీటు వచ్చినప్పుడు హాస్టల్లో పక్క మంచం అమ్మాయి, “నీకేంలే షమీమ్, చదవకపోయినా వస్తుంది” అంది. ఆ మాటకు ఆధారాలతో జవాబు చెప్పాలన్న పట్టుదల చివరికి నన్ను ఎక్కడో ఉన్న అమెరికా సైనిక అకాడమీల దాకా లాక్కెళ్లింది. అక్కడ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకునేవారు. వాళ్లు చెప్పే కారణం వేరు. సిపాయిల్లో నల్లజాతివాళ్లు ఎందరో ఉండి, అధికారులంతా తెల్లవాళ్లే అయితే సైన్యంలో నమ్మకం నిలవదట. అది నిజమేనా అన్నదే నా ప్రశ్న. నాలుగేళ్లుగా సెలవు రోజుల్లో పని చేస్తున్నాను. నా వెనక ఏ యూనివర్సిటీ లేదు. అకాడమీలను అడిగిన కాగితాలు సగం నల్లగీతలు కొట్టి వచ్చాయి.

అలాంటప్పుడు దొరికాడు కెప్టెన్. పేరు రాయనని మాటిచ్చాను కాబట్టి అలాగే పిలుస్తాను. నల్లజాతి అమెరికన్, నౌకాదళం నుంచి రిటైరై ఫుజైరాలో ఓడల ఇంధనం తనిఖీ చేస్తున్నాడు. ఒకప్పుడు అకాడమీ ప్రవేశాల కమిటీలో కూర్చున్నవాడు. ఫోన్‌లో పన్నెండుసార్లు మాట్లాడాడు, రికార్డు చేసుకోనిచ్చాడు. నా వ్యాసాన్ని ఒక పత్రిక తీసుకుంది కూడా. మొన్న ఫోన్ చేసి, “ఒకసారి ఎదురుగా రండి” అన్నాడు. పాత డైరీలు ఇస్తాడేమోనని ఖాళీ సంచి కూడా తెచ్చుకున్నాను.

మా ఆయనతో ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని వెనక సీటాయన పలకరించాడు. పేరు రాజన్న, జగిత్యాల వైపు. ఫుజైరా కొండల్లో క్రషర్‌లో పని. ఏం పని మీద వెళ్తున్నారని అడిగితే చెప్పాను.

“మా తాన గూడ గంతే మేడం. ఏ దేశపోడో జూసే పని ఇస్తరు, జీతం గూడ గట్లనే. పన్నెండేండ్ల సంది ఆ మిషిన్ కాడ్నే ఉన్న. ముదీర్‌ను, గదే మా మేనేజర్‌ను, అడిగితే ‘మీవోళ్లకు గిదే’ అన్నడు. ఖలాస్.”

“మీ దగ్గర కింద ఉంచడానికి చూస్తారు. అక్కడ పైకి తేవడానికి చూశారు,” అన్నాను.

రాజన్న సీటు మీదికి ముందుకు వంగాడు. “ఎందుకు జూసినా, ఆ మనిషికి ఎట్లుంటదో ఎవలన్న అడిగిన్రా?”

“అది అడగడానికే వెళ్తున్నాను.”

పచ్చగడ్డి జాడ లేని కొండలు మొదలయ్యాయి. కొన్నింటిని సగానికి కోసేశారు. ఊరి ముందు రాజన్న దిగిపోయాడు.

పదింటికి చేరాను. టాక్సీలో సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న కెఫెటేరియాకు వెళ్లి పరోటా, టీ తీసుకున్నాను. శుక్రవారం వెళ్లేవాళ్లు నమాజుకు ముందే తినాలి, తర్వాత కాసేపు మూసేస్తారు. దూరంగా ఓడలు ఇంధనం కోసం వరసగా ఆగి ఉన్నాయి. పదకొండుకు కెప్టెన్ వచ్చాడు. నేను అనుకున్నంత వయసు మళ్లినవాడు కాదు, నడుము వంగని మనిషి. చేతిలో డైరీలు లేవు.

“మేడం, నా మాటలు వాడొద్దు,” అన్నాడు కూర్చుంటూనే.

కారణం ఆయన కూతురు. ఆమె కూడా అదే అకాడమీలో చదివి అధికారి అయింది. ఇప్పుడు అకాడమీలు ఆ పద్ధతి ఆపేశాక, తోటివాళ్లు ఆమెను నవ్వుతూనే అడుగుతున్నారట, నీ సీటు మార్కులకు వచ్చిందా, రంగుకు వచ్చిందా అని.

“పేరు రాయకపోయినా పోల్చుకుంటారు. అప్పుడు ఆమె సీటు సంగతి తండ్రే చెప్పినట్టవుతుంది.”

“ఆమెకు అర్హతతోనే వచ్చిందని మీరే చెప్పవచ్చు కదా?”

ఆయన టీ కప్పును రెండు చేతులతో పట్టుకున్నాడు. “ఆమె దరఖాస్తు వచ్చినప్పుడు నేను గదిలోంచి బయటికి వెళ్లాను. నియమం అది. తర్వాత ఆమె ఫైలు చూడొచ్చు. చూడలేదు. భయమేసింది.” కప్పు కింద పెట్టి, “నాకు తెలుసని ఆమె అనుకుంటోంది. నాకు తెలియదు మేడం,” అన్నాడు.

ఆయన సంతకం చేసిన అంగీకార పత్రంలో, అచ్చయ్యేలోపు ఎప్పుడైనా తప్పుకోవచ్చని రాసింది నేనే. ఆ వాక్యం గుర్తు చేయకుండా ఆయన అడిగాడు. బతిమాలినట్టు అడిగాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. సరేనన్నాను. వద్దంటున్నా వినకుండా టీ డబ్బులు ఆయనే ఇచ్చి వెళ్లిపోయాడు.

రెండున్నరకు తిరుగు బస్సు. సొరంగం దాటాక ఫోన్ తీసి రికార్డులు ఒక్కొక్కటే తుడిచేశాను. ఏడోదాని దగ్గర ఆగాను. సముద్రంలో రాత్రి కాపలా గురించి ఆయన నవ్వుతూ చెప్పింది అందులోనే ఉంది. ఒకసారి విందామనుకుని, వింటే తుడవలేనని అదీ తుడిచేశాను. పత్రికకు వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని రెండు వాక్యాలు రాశాను. ఆయన మాటలు తీసేస్తే మిగిలేది ఆ ప్రవేశాల మీద నడిచిన కేసుల్లో అందరి దగ్గరా ఉన్న కోర్టు కాగితాలే.

నాలుగేళ్లు నేను ఆధారం కోసం వెతికాను, అది దొరికితే మనుషుల అనుమానం తీరుతుందని. కన్నతండ్రే ఫైలు తెరవడానికి భయపడ్డాడు. ఇక ఎవరి కోసం రాయాలో తెలియలేదు. షార్జాలో దిగేసరికి ఐదు దాటింది. పక్క సీటులోని మలయాళీ నర్సు నిద్రపోయాననుకుని నన్ను తట్టి, “అందరూ దిగిపోయారు,” అంది. నేను నిద్రపోలేదు.