బటన్లకు పేర్లు పెట్టించిన మా అత్త

మా అత్త పోయింది. పోయిన ఆదివారం పొద్దున్న టీ కలిపి లేపబోతే లేవలేదు. ముఖంలో ఏ బాధా లేదు. ఏదో వింటున్నట్టే ఉంది.

ఆమె మా నాన్నగారి చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. ఖరగ్‌పూర్ రైల్వే టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో ఆపరేటరుగా పనిచేసి రిటైరయ్యాక, ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలోని మా క్వార్టర్లో నా దగ్గరే ఉండేది. కబురు తెలిసి వచ్చినవాళ్ళలో చాలామంది ఆమెను ఎన్నడూ చూడనివాళ్ళే. ఒక ముసలి గార్డుగారు గుమ్మంలో చెప్పులు విడిచి, "ఆ గొంతేనా అమ్మా పోయింది?" అని అడిగి, లోపలికి రాకుండా అక్కడే చాలాసేపు నిలబడిపోయారు.

అత్తకు పసితనంలోనే అమ్మవారు పోసి చూపు పోయింది. రెప్పలు రెండూ అతుక్కుపోయి, ఇక తెరుచుకోలేదు. ఆ సంగతి ఆమెకు పెద్దగా పట్టినట్టు నాకు ఎప్పుడూ అనిపించలేదు. వానాకాలం మధ్యాహ్నాల్లో వరండాలో ఈజీచైరు వేయించుకుని, ఎక్కడో యార్డులో బోగీలు ఒకదానికొకటి తగులుకునే చప్పుడు వింటూ అలా తేలిపోయేది. ఒకసారి అడిగాను, "అత్తా, నీకు కలల్లో ఏటి కనబడతాది?" అని.

"కనబడదే, ఇనబడతాది," అంది. "నా కలల్లో గొంతులే ఉంటాయి. ఒక్కో గొంతూ ఒక్కో గదిలాగుంటాది. తోసుకుని లోపలికెల్తాను. కొన్ని గదుల్లో సల్లగుంటాది."

ఆ తరవాత చాలాకాలం ఎవరితో మాట్లాడుతున్నా, ఆ గొంతులో చల్లగా ఉందా అని ఆలోచించేదాన్ని.

కొన్నేళ్ళ కిందట ఆమె వికలాంగుల గుర్తింపు కార్డు గడువు తీరింది. కొత్తది ఇంట్లో కూర్చునే సర్కారు సైటులో చేసుకోవచ్చన్నారు. అత్త సంబరపడింది. ఆమె ఫోను, వేలు పెట్టినచోట తెరమీద ఏముందో చదివి చెప్పేది. బ్యాంకు పని, బంధువుల సందేశాలు, వార్తలు అన్నీ ఆమె దానితోనే చూసుకునేది. కానీ ఆ సైటు తెరవగానే ఫోను, "బటన్, బటన్, బటన్," అనడం మొదలుపెట్టింది. అది ఏ బటనో చెప్పలేదు. నేను పక్కన కూర్చుని ఒక్కొక్కటీ చదివి చెబుతూ చివరిదాకా తీసుకొచ్చాను. అప్పుడు కెమెరా తెరుచుకుంది.

"ఏటంటంది?" అని అడిగింది.

"కళ్ళార్పమంటంది."

అత్త నల్లకళ్ళద్దాలు తీసి, ఫోనుకేసి ముఖం పెట్టి కూర్చుంది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి. ఎదురుగా మనిషి ఉన్నట్టు తేలలేదని, మళ్ళీ ప్రయత్నించమని. మళ్ళీ ప్రయత్నించాం. అదే మాట. సూపు లేనోళ్ళకిచ్చే కార్డు కదే అని మెల్లగా అని, అద్దాలు పెట్టేసుకుంది.

మేం మేదినీపూర్‌లో ఆ కార్డులిచ్చే ఆఫీసుకు వెళ్ళాం. రైలు కాంసాయి నది వంతెన మీదకు రాగానే అత్త మాట ఆపేసింది. వంతెన దాటాక, "నీళ్ళు తక్కువున్నాయి. సప్పుడు పొడిగుంది," అంది. కిటికీలోంచి చూస్తే నిజమే, నది నిండా ఇసుక మేటలు, వాటిమధ్య సన్నటి వెలుగులా నీళ్ళు.

ఆఫీసులో ఉన్న అధికారిణి మంచి మనిషి. "దీదీ, మీరు పెద్దవారు. మీ పని నేను చేతిమీదుగా చేయించేస్తాను," అంది బెంగాలీలో. మా వెనక బెంచీ మీద మా ఊళ్ళోనే ఝపటాపూర్ నుంచి వచ్చిన మన తెలుగు పిల్ల ఒకతె, వాళ్ళ నాన్నతో కూర్చుని ఉంది. ఆమెకూ చూపు లేదు, రెప్పలూ కదలవు. కాలేజీ హాస్టల్లో సీటు రావాలంటే ఆ కార్డు ఉండాలి. సైటు ఆమెనూ కళ్ళార్పమంటోంది. "ఈ పిల్లది కూడా చేయిస్తారా?" అని అత్త అడిగింది. కొత్త దరఖాస్తులు సైటు ద్వారానే రావాలని, అది తన చేతిలో లేదని అధికారిణి చెప్పింది.

"అయితే నాదీ సైటులోంచే రానివ్వండి," అని అత్త లేచింది.

తిరుగు రైల్లో నాకు కోపం వచ్చింది. "ఇస్తానంటే తీసుకోకుండా ఏటత్తా ఇది?"

"నాను గుమ్మం దాటీసి తలుపేసీమంటావేటే?" అంది.

ఆ మర్నాటినుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక ఆఫీసు ఇంకో ఆఫీసు నంబరిచ్చేది. సారు లేరంటే, "ఠీక్ హై, నేను లైన్లోనే ఉంటాను," అనేది. అది ఎక్స్‌ఛేంజీలో అలవాటైన మాట. ఎక్కడా గొంతు పెంచలేదు. చివరికి ఆ సైటు పని చూసే కుర్ర ఇంజనీరు కలకత్తా నుంచి మా వరండాకే వచ్చాడు. వచ్చినవాడు మంచివాడు. అత్త బాధ తెలుసుకోవడానికి కళ్ళకు రుమాలు కట్టుకోబోయాడు.

"వద్దు బాబూ. నువ్వు చూస్తూనే ఉండు. నా పక్కన కూర్చో, చాలు," అంది అత్త బెంగాలీలో.

ఆ మధ్యాహ్నమంతా అతను పక్కన కూర్చుని ఫోను "బటన్, బటన్," అంటుంటే విన్నాడు. అన్నిటికీ బొమ్మలున్నాయి దీదీ, పేర్లు రాయలేదు అంతే, అన్నాడు. మరి పేరు లేనివాళ్ళను ఎలా పిలుస్తాం అంది అత్త. అతను నవ్వాడుగానీ, వెళ్ళేటప్పుడు ఆ మాట తనలో తనే అనుకుంటూ మెట్లు దిగాడు.

తరవాత చాలాసార్లు వచ్చాడు. నేను పోసిన అట్లు తింటూ, మార్చినవి అత్త చేత వాడించి చూసుకునేవాడు. ఎక్కడ తప్పిపోతున్నదో ఆమె చెప్పేది. పైవాళ్ళను ఒప్పించడం ఆలస్యమైంది. ఈలోగా హాస్టలు గడువు దాటిపోయింది, ఆ పిల్లకు ఆ ఏడు సీటు రాలేదు. కబురు విన్న సాయంత్రం అత్త అన్నం వద్దంది. "మా ఆలస్యానికి ఆ పిల్ల ఏడాది పోయినాది," అంది. నేనేదో సర్దిచెప్పబోతే చెయ్యెత్తి ఆపింది.

చివరికి సైటు మారింది. కళ్ళార్పలేనివాళ్ళు, అది చెప్పిన నాలుగు మాటలు తిరిగి చెబితే చాలు. అత్త ఆ పిల్లను పిలిపించి, "ముందు నువ్వు సెయ్యి," అంది. వరండాలో నేలమీద కూర్చుని ఆ పిల్ల వేలు కదుపుతుంటే, ఫోను "మీ పేరు, మీ ఊరు, ఫొటో జోడించు, పంపించు," అని ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయింది. నా సాయం అక్కర్లేకపోయింది. పైన చెట్టులో గాలి ఆడుతోంది. అత్త తల కాస్త పక్కకు వంచి, ఇష్టమైన పాట వింటున్నదానిలా కూర్చుంది. పని పూర్తయిందని ఫోను చెప్పాక కూడా అలాగే ఉండిపోయింది.

"అయిపోయింది పెద్దమ్మా," అంది ఆ పిల్ల.

"ఇన్నాను. ఇంకోపాలి సెప్పమను," అంది అత్త.

ఆ పిల్ల మరుసటి ఏడు కాలేజీలో చేరింది. ఇప్పుడు ఆఖరి సంవత్సరం. అంత్యక్రియలైన మర్నాడు హాస్టలు నుంచి ఒక్కతే వచ్చింది. ఈజీచైరు చేతిని కాసేపు పట్టుకుని కూర్చుంది. మొదటి రైలుకే వెళ్ళిపోతానని ఆ రాత్రి మా ఇంట్లోనే పడుకుంది.

తెల్లారేసరికి కాలనీ అంతా మంచు. ఎదుటి వరస క్వార్టర్లు కూడా కనబడలేదు. స్టేషనుదాకా దిగబెడతానంటే వద్దంది. గేటు తీసుకుని తెల్లకర్రతో రోడ్డు మీదకు నడిచింది. నాలుగడుగులకే మంచు ఆమెను మింగేసింది. సైకిలు మీద డ్యూటీకి పోతున్న ఒకాయన దారి తోచక దిగి నిలబడ్డాడు. నేను గేటు పట్టుకుని, ఆయన సైకిలు పట్టుకుని, ఆ తెలుపులో ఏమీ చూడలేక విన్నాం. ఆమె కర్ర చప్పుడు, తొందర లేకుండా, తిన్నగా, స్టేషను వైపు వెళ్తోంది.