డొక్కకట్టు

ఈ చలికాలం కల్లూరులో మా పక్కింటి పసిబిడ్డకు దగ్గు పట్టుకుందంటే చూసి వద్దామని వెళ్లాను. స్వెట్టరు మీద స్వెట్టరు, టోపీ, మేజోళ్లు, వాటన్నిటి మధ్య అరచేతిలో సగమంత ముఖం. ఇంటిల్లిపాదీ థర్మామీటరు చుట్టూ మూగి ఉంటే, నేను ఎవరినీ అడక్కుండా ఆ బట్టలన్నీ పైకెత్తి డొక్కలు చూశాను. మామూలు జలుబే. ఈ ముసలిదానికి చాదస్తం అనుకొని ఉంటారు, అనుకోనివ్వండి. బిడ్డ డొక్కలెగరేస్తున్నాడు అన్న మాట వింటే ఆ రోజుల్లో తల్లుల ప్రాణం ఎలా విలవిల్లాడేదో మన ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు.

నేను నర్సుగా కొత్తగా చేరి, సారపాక అవతల అడవి అంచు గూడేల్లో కాళ్లకు బలపాలు కట్టుకొని తిరిగిన కాలం అది. అక్కడ ఒక గూడెంలో ఒక అలవాటు ఉండేది. బిడ్డ ఊపిరాడక డొక్కలెగరేస్తుంటే, అవి ఎగరకుండా పాత చీర చింపి ఛాతీకీ పొట్టకూ కలిపి బిగించి చుట్టేవాళ్లు. దేవర పూజ చేసే పెద్దాయన వచ్చి ముడి వేసేవాడు, వేసిన చెయ్యే దాన్ని విప్పాలి. కట్టాక ఎగరడం కనిపించదు కాబట్టి తగ్గిందనే అనుకునేవాళ్లు. ప్రేమతో చేసే పనే, కానీ లోపల జబ్బు తన పని తాను చేసుకుపోయేది.

ఒక పొద్దున ఆ గూడెంలో ఒక గుడిసెలోకి అడుగు పెట్టేసరికి, అలాంటి కట్టుతో ఒక మగబిడ్డ నాయనమ్మ ఒళ్లో కనిపించాడు. ముందురోజంతా ఏడ్చినవాడు ఏడుపు మానాడని, నిమ్మళించాడని ఆమె సంబరం. కానీ అది నిమ్మళించడం కాదు, ఏడవడానికి కూడా ఓపిక లేకపోవడం. ఊపిరి ఊపిరికీ ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి, తల్లి రొమ్ము అందిస్తే కాస్త లాగి, వదిలేసి, గాలికోసం తంటాలు పడుతున్నాడు. కట్టు విప్పమన్నాను. ముడి వేసిన పెద్దాయన వెదురు నరకడానికి అడవిలోకి పోయాడనీ, ఆయన వచ్చేదాకా ఎవరూ ముట్టకూడదనీ అంది ముసలమ్మ.

నేను పట్టిన పట్టు విడిచే రకం కాదు, ఆమె నాకంటే మొండిది. అరిస్తే పని జరగదని తెలిసి, ఆమె పక్కనే నేలమీద చతికిలబడి, ముడి ఊసెత్తకుండా, బిడ్డ ముక్కు చూడమన్నాను, పాలు ఎందుకు వదిలేస్తున్నాడో చూడమన్నాను. ఆమె చూసింది, తల్లి మరోసారి పాలిస్తుంటే వంగి మరీ చూసింది. తర్వాత నా చెయ్యి పక్కకు నెట్టి, తనే ఆ ముడి విప్పింది. గుడ్డ తొలగగానే, ఊపిరి పీల్చినప్పుడల్లా పక్కటెముకల కింద డొక్క గుంటపడుతూ కనిపించింది.

"నా పెద్దపిల్లగానికి గూడ గిట్లనే కట్టిన, నర్సమ్మా. లోపల ఏమైతుందో సూడలే, పాణం దక్కలే," అంది ముసలమ్మ. తర్వాత బిడ్డను గుండెకు హత్తుకొని నాకంటే ముందే గుడిసె దాటింది.

రోడ్డెక్కి, కాగితం మిల్లుకు పోయే వెదురు లారీని ఆపి, గోదావరి వంతెన దాటి భద్రాచలం దవాఖానా చేరాం. ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు, బిడ్డ మళ్లీ గొంతెత్తి పాలకోసం ఏడ్చేదాకా ఆ నాయనమ్మ మంచం పక్కనుంచి కదల్లేదు. అప్పటికి కబురు తెలిసి పెద్దాయన వచ్చాడు. గొడవ తప్పదని నేను కొంగు బిగించుకొని నిలబడితే, ఆయన బిడ్డను తేరిపార చూసి, "నువ్వు ఇప్పితే ఏమైంది వదినె, పిల్లగాడు బతికిండు గద," అని మెల్లగా బయటికి నడిచాడు.

ఆ కట్టు ఒక్కరోజులో పోలేదు. కానీ ఆ తర్వాత గూడెంలో ఎవరి పిల్ల దగ్గినా ముసలమ్మ నాకంటే ముందే వెళ్లి గుడ్డ ఎత్తి చూసేది, అనుమానమొస్తే ఎవరి మాటా వినకుండా రోడ్డుదాకా తరిమేది. ఇప్పుడక్కడ తారు రోడ్డు పడింది, పిలిస్తే అంబులెన్సు గడప ముందుకొస్తుంది. మంచిదే, ఆ రోజులు మళ్లీ రావాలని నేను చచ్చినా కోరుకోను. తను కన్నుమూసేదాకా ఊళ్లో ప్రతి బిడ్డ డొక్కలూ చూసిన ఆ తల్లికి, తన పెద్దకొడుకువి చూసుకొనే అదృష్టం మాత్రం లేకపోయింది.